డ్యూయల్ 1219: ఆర్మ్ పైకి లేస్తోంది, పక్కకి మాత్రం కదలడం లేదు

తార్నాక_ఎల్పీ:

అందరికీ నమస్కారం. మా పెద్దనాన్న 1970ల మొదట్లో జర్మనీకి ట్రైనింగ్‌కి వెళ్ళి వస్తూ తెచ్చుకున్న రికార్డు ప్లేయర్, డ్యూయల్ 1219, ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా దుప్పట్లో చుట్టి అటక మీదే పెట్టారు. మోటారు తిరుగుతోంది, స్పీడు కూడా బాగానే ఉన్నట్టుంది, ఇబ్బందంతా టోన్‌ఆర్మ్‌తోనే, అదే ముల్లు ఉండే పొడవాటి చెయ్యితోనే. స్టార్ట్ లివర్ లాగితే ఆర్మ్ పైకి లేస్తుంది, లేచి రికార్డు వైపు రావాలి కదా, రాదు, గాల్లో కాసేపు ఆగి మళ్ళీ స్టాండు మీదే కూర్చుంటుంది. చేత్తో తీసుకెళ్ళి పెడితే పాడుతుంది. పాటలు అయిపోయాక కూడా ఇదే వరస, లేస్తుంది, వెనక్కి రాదు, ఉన్నచోటే దిగుతుంది, మళ్ళీ లేస్తుంది, మళ్ళీ దిగుతుంది.

ఇంకో రెండున్నాయి. ఆర్మ్‌ని ఎత్తి దించే క్యూ లివర్ దించితే ముల్లు మెల్లగా దిగకుండా ధబ్బున పడుతోంది. పైగా కోఠిలో ఒక రిపేరు షాపుకి తీసుకెళితే, అతను వెనక బరువు అటూ ఇటూ తిప్పి "బేరింగ్ పోయింది, ఆర్మ్ మొత్తం మార్చాలి, ఇది దొరకదు" అన్నాడు. ఇంటికి తెచ్చాక చూస్తే అంతకుముందు బాగా పాడిన రికార్డులు కూడా గాడి తప్పుతున్నాయి. ముల్లు ఉండే కార్ట్‌రిడ్జ్ కొత్తదే, ఆడియో టెక్నికా వీఎం95ఈ. పెద్దనాన్న ఇప్పుడు లేరు. ఆయన హెచ్‌ఎంవీ రికార్డులు ఓ అరవై దాకా ఉన్నాయి, వాటిని దీని మీదే వినాలని నా కోరిక. నిజంగా బేరింగేనా?

నేరేడ్‌మెట్_సోల్డర్:

బేరింగ్ కాదన్నా, ముందు ఆ టెన్షన్ వదిలెయ్. లోపలికీ రావట్లేదు, వెనక్కీ పోవట్లేదు అన్నావు కదా, అసలు విషయం అక్కడే దొరికిపోయింది. బేరింగ్ పట్టేస్తే చేత్తో పెట్టినప్పుడు కూడా సరిగ్గా పాడదు.

ఈ డ్యూయల్ ఆటోమేటిక్‌లలో పళ్ళెం కింద ఒక పెద్ద లివర్ ఉంటుంది, దాని కొసన చిన్న పిన్ను, ఆ పిన్నుకి చిటికెడంత రబ్బరు తొడుగు. స్టార్ట్ నొక్కినప్పుడు ఆ తొడుగు ఆర్మ్ కింద ఉండే రేకుకి ఆనుకుని, ఆ రాపిడితోనే ఆర్మ్‌ని పక్కకి తీసుకెళ్తుంది. రావడానికీ పోవడానికీ పట్టు అదొక్కటే. యాభై ఏళ్ళలో ఆ రబ్బరు ఎండిపోయి పొడైపోతుంది, లేదంటే ఊడి కింద పడి ఉంటుంది. జర్మనీ వాళ్ళు దాన్ని స్టోయర్‌పింపెల్ అంటారు, ఈ పేరుతో వెతికితే ఫొటోలు బోలెడు దొరుకుతాయి. నేను ఇప్పటిదాకా చూసిన డ్యూయల్స్‌లో దాదాపు అన్నిట్లోనూ పోయింది ఇదే.

ముందు ప్లగ్ పీకెయ్, స్విచ్ ఆపితే చాలదు, అడుగున 230 వోల్టుల టెర్మినల్స్ చేతికి తగిలేలాగే ఉంటాయి. ముల్లు ఉన్న క్యారియర్ విప్పి పక్కన పెట్టు, వెనక బరువు తీసెయ్, ఆర్మ్‌ని స్టాండుకి లాక్ చెయ్. పళ్ళేన్ని పట్టి ఉంచేది నడిమధ్యన ఉన్న సర్‌క్లిప్ అనే చిన్న స్ప్రింగు రింగు, అది తీసే ముందు పైన గుడ్డ కప్పు, ఎగిరిందంటే మంచం కింద వెతుక్కోవాలి. తర్వాత ఛాసిస్, అంటే ఇవన్నీ బిగించి ఉన్న చట్రం, పైకెత్తి, రెండు పక్కలా పుస్తకాలు పేర్చి వాటి మీద ఆనించి చూడు.

పాత రబ్బరు ముక్కలు గోరుతో గీకి, పిన్నుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. కొత్త తొడుగుకి నేను వాడేది సైకిల్ షాపులో దొరికే వాల్ ట్యూబు. మెత్తగా ఉంటుంది, పట్టు బాగుంటుంది. గట్టి ప్లాస్టిక్ స్లీవ్ పెట్టకు, జారిపోతుంది. ముక్క పొడుగు దగ్గర మాత్రం తొందరపడొద్దు. పొట్టిదైతే రేకుని అందుకోదు, మరీ పొడుగైతే పాట పాడేటప్పుడు కూడా రాసుకుంటూ ఉంటుంది, అప్పుడు ముల్లు గాడిలో నిలవదు. కాస్త పొడుగ్గా కోసి తొడిగి, కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ రా. నాకు మొదటిసారి నాలుగు ముక్కలు పట్టాయి.

పనిలో పనిగా అడుగున గోధుమరంగు జిగురులా గట్టిపడిన గ్రీజు కనిపిస్తుంది, అది పూర్తిగా తీసేసి కొత్తది పల్చగా పూయి. కొబ్బరి నూనె మాత్రం వద్దు. ఇళ్ళల్లో అది పోస్తారు, డిసెంబరులో గడ్డకట్టి లివర్లన్నీ పట్టేస్తాయి. ఆర్మ్ బేరింగులకి అసలు ఏ నూనే వద్దు.

మలక్‌పేట_మామయ్య:

పై తమ్ముడు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. రికార్డు గాడి తప్పడం గురించి నేను చెబుతాను బాబూ.

చాలా ప్లేయర్లలో వెనక బరువు తిప్పితే ముల్లు మీద భారం పెరుగుతుంది. 1219లో అలా కాదు. ఇందులో బరువు ఉన్నది ఆర్మ్‌ని తరాజులా సమంగా నిలబెట్టడానికే, భారం ఇచ్చేది బేరింగ్ పక్కన డయల్ లోపలుండే స్ప్రింగు. షాపు అతను మామూలు పద్ధతిలో తిప్పి ఉంటాడు. ముందు భారం డయల్, యాంటీస్కేటింగ్ డయల్ (ఆర్మ్ లోపలికి లాక్కుపోకుండా చూసేది) రెండూ సున్నాలో పెట్టు, ఆర్మ్ గాల్లో తేలుతూ నేలకి సమాంతరంగా నిలిచేదాకా బరువు జరుపు. నిలిచాక మెల్లగా ఊదు. పైకీ కిందకీ, పక్కకీ ఎక్కడా తట్టుకోకుండా ఊగి ఆగితే బేరింగులు భేషుగ్గా ఉన్నట్టే. ఎక్కడో ఒకచోట ఆగి ఆగి కదిలితే అప్పుడు ఆలోచిద్దాం. ఫ్యాను ఆపి చెయ్యి, లేకపోతే ఏమీ తెలియదు.

వీఎం95ఈకి కంపెనీ చెప్పేది 2 గ్రాములు, 1.8 నుంచి 2.2 దాకా పర్వాలేదు. డయల్ 2 మీద పెట్టి, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న డిజిటల్ స్కేలు మీద ఒకసారి సరిచూసుకో, ఇంత పాత స్ప్రింగు చూపించే అంకెని గుడ్డిగా నమ్మకూడదు. యాంటీస్కేటింగ్‌కి ఎలిప్టికల్ (కోలగా ఉండే మొన) ముల్లు గీతలు వేరే ఉంటాయి, నీది ఎలిప్టికలే. ఆర్మ్ దగ్గరున్న మోడ్ లివర్ కూడా చూడు, అది సింగిల్ మీదే ఉండాలి. మల్టిపుల్‌లో పెడితే, రికార్డులు ఒకదాని మీద ఒకటి పేర్చి వినడానికి వీలుగా ఆర్మ్ మొత్తం పైకి లేస్తుంది, ఒక్క రికార్డుకి ఆ ఎత్తు ఎక్కువైపోతుంది.

ధబ్బున పడటానికి కారణం క్యూ లిఫ్టులో సిలికాన్ నూనె ఆరిపోవడం. మామూలు నూనె పోస్తే మళ్ళీ పడుతుంది. తేనె కంటే చాలా చిక్కటిది కావాలి, 3 లక్షల నుంచి 5 లక్షల సెంటీస్టోక్స్ (నూనె చిక్కదనానికి కొలత). రిమోట్ కార్ల డిఫరెన్షియల్‌కి వాడే సిలికాన్ ఆయిల్ ఆ చిక్కదనంలో దొరుకుతుంది. అది వచ్చేదాకా చేత్తో పట్టుకునే దించు, ముల్లు విరిగితే బాధ.

తార్నాక_ఎల్పీ:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఈ ఆదివారం పొద్దున కూర్చుని విప్పాను. పిన్ను మీద రబ్బరు అసలు లేదు, నల్లటి పొడి మాత్రం ఉంది. లాలాపేటలో సైకిల్ షాపు పెద్దాయన అడిగినంత వాల్ ట్యూబు కోసిచ్చి డబ్బులు కూడా తీసుకోలేదు. మూడో ముక్కకి ఆర్మ్ కదిలింది! లేచి, వచ్చి, దిగి, చివర్లో తనంతట తనే స్టాండుకి వెళ్ళి మోటారు ఆపుకుంది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి మళ్ళీ ఒకసారి పెట్టమంది.

ఊదితే ఆర్మ్ హాయిగా ఊగుతోంది, బేరింగ్‌కి ఏమీ కాలేదు. డయల్ 2లో పెడితే స్కేలు మీద 1.7 వచ్చింది, 2.3 దాకా తిప్పితే 2 చూపిస్తోంది, గాడి తప్పడం పోయింది. ఒక్కటే మిగిలింది, ఆటోమేటిక్‌లో ముల్లు మొదటి పాటలోకి కొంచెం లోపలికి దిగుతోంది, మొదటి రెండు మూడు సెకన్లు పోతున్నాయి.

నేరేడ్‌మెట్_సోల్డర్:

సూపర్ అన్నా. దిగే చోటు సరిచేయడానికి స్క్రూ ఉంటుంది, సర్వీస్ మాన్యువల్‌లో బొమ్మ చూసి పావు చుట్టు కంటే తక్కువ తిప్పు, ఒకసారి ఆడించి చూడు, మళ్ళీ తిప్పు. దానికంటే ముందు కార్ట్‌రిడ్జ్ క్యారియర్‌లో సరైన చోటే ఉందో లేదో చూసుకో, అది ముందుకో వెనక్కో ఉన్నా ముల్లు దిగే చోటు మారుతుంది. మిగిలిన వాల్ ట్యూబు పారెయ్యకు, ఓ కవర్లో వేసి ప్లేయర్‌తోనే పెట్టు, కొన్నేళ్ళకి మళ్ళీ కావాలి.