"రీకాంబినెంట్ హ్యూమన్ కీమోకైన్": ఇందులో మానవ దేనికి విశేషణం?

గ్రూపులో పెద్దలకి నమస్కారం. ఒక మాట దగ్గర వారం నుంచీ ఆగిపోయాను, సాయం చెయ్యండి. నేను ల్యాబ్‌లో పనిచేస్తాను, మా ఊరి హైస్కూల్ పిల్లల కోసం మేం రోజూ వాడే వస్తువుల గురించి తెలుగులో నాలుగు పేజీలు రాస్తున్నా. అందులో ఒకటి రీకాంబినెంట్ (అంటే ఒక జీవి జన్యువుని ఇంకో జీవిలో పెట్టి తయారుచేసిన) హ్యూమన్ ఐఎల్-8, పూర్తి పేరు ఇంటర్‌ల్యూకిన్-8. ఇది కీమోకైన్ అనే రకం ప్రొటీన్, తెల్ల రక్తకణాల్ని గాయం దగ్గరికి రప్పిస్తుంది. చిటికెన వేలంత ట్యూబు, లోపల 10 మైక్రోగ్రాముల పొడి, పొడి అంటున్నా గానీ కంటికి ఆనదు, ఖాళీ ట్యూబేమో అనిపిస్తుంది, అందుకే మూత తీసేముందు ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి అడుక్కి దించుకుంటాం.

దీన్ని "పునఃసంయోజిత మానవ కీమోకైన్" అని రాసి మా అమ్మకి చదివి వినిపిస్తే "ఏ మనిషి దగ్గర తీశారే, పాపం" అంది. తప్పు అమ్మది కాదు, నా సమాసానిది. మానవ రక్తం, మానవ కపాలం అంటే మనిషి ఒంట్లోదనే కదా ఎవరికైనా తోచేది. ఇది మాత్రం ఎవరి ఒంట్లోంచీ తీసింది కాదు. మనిషి జన్యువు వరసని ఈ.కోలై బ్యాక్టీరియాలో పెడితే ఆ బ్యాక్టీరియానే ప్రొటీన్ తయారుచేస్తుంది. 72 అమైనో ఆమ్లాల వరస మనిషిది, తయారీ బ్యాక్టీరియాది. పైగా లేబుల్ మీద ఒక పక్క హ్యూమన్ అని ఉంటుంది, ఇంకో పక్క మనుషులకి వాడకూడదు, పరిశోధనకి మాత్రమే అని ఉంటుంది. పిల్లలు ఈ రెండూ చదివితే ఏమనుకుంటారు?

*

అమ్మాయ్, మీ అమ్మగారు సరైన చోటే పట్టుకున్నారు. పునఃసంయోజిత అనేది మానవకి విశేషణమా, కీమోకైన్‌కా అన్నది కూడా ఆ సమాసంలో తేలదు. పునఃసంయోజిత తీసేసి "అంటుకట్టిన" అంటే ఎలా ఉంటుంది? ఒక చెట్టు కొమ్మ తెచ్చి ఇంకో చెట్టుకి కట్టడం పల్లెటూరి పిల్లలకి బాగా తెలుసు, మామిడి అంటు చూడని వాళ్ళుండరు.

*

మాస్టారూ, పోలిక బాగుంది గానీ బ్యాక్టీరియా పక్కన అంటు అనే మాట పెడితే పిల్లల మనసు అంటువ్యాధి మీదకి పోతుంది. అక్కా, నా అనుమానం కీమోకైన్ గురించి, దాన్నెందుకు అలాగే ఉంచేశారు, ఆకర్షక ప్రొటీన్ అనొచ్చు కదా?

*

తమ్ముడూ, నేనూ మొదట ఆకర్షక అనే రాశా, తర్వాత కొట్టేశా, ఎందుకో చెప్తాను. కీమోటాక్టిక్ (రసాయనాన్ని బట్టి కణాన్ని ఒక దిక్కుకి నడిపించే) సైటోకైన్ (కణాల మధ్య సంకేతాలు మోసే ప్రొటీన్) అనే రెండు మాటలు కలిపి కుదించి 1992లో కీమోకైన్ అని స్థిరపరిచారు, ఆ చివరి కైన్ గ్రీకులో కదలికకి సంబంధించిన ధాతువు నుంచి వచ్చింది. ఆకర్షణ అంటే అయస్కాంతంలా లాగడం, ఇక్కడ లాగేవాళ్ళెవరూ లేరు, కణమే నడిచి వెళ్తుంది. 3 మైక్రాన్ల రంధ్రాలున్న పొర మీద నూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల్ని పోసి కింద గదిలో ఐఎల్-8 పెడితే అవి ఒళ్ళు సన్నం చేసుకుని ఆ రంధ్రాల్లోంచి దూరి కిందకి పోతాయి. అదే ప్రొటీన్ పైనా కిందా సమానంగా పోస్తే ఒక దిక్కుగా పోవడం ఆగిపోతుంది, పిలుపు నాలుగు దిక్కుల్నించీ ఒకేలా వినిపిస్తే ఎటు పోవాలో తెలీదు కదా. అందుకే నాకు "పిలుపు ప్రొటీన్" నచ్చింది. గాయం దగ్గర ఈ పిలుపు అందుకుని వచ్చిన తెల్ల కణాలే చచ్చి పోగుపడితే మనం చీము అంటాం, పిల్లలకి అది చెప్తే ఇంక మర్చిపోరు. పేరు మాత్రం కీమోకైన్ అనే ఉంచి పక్కన వివరణగా ఇది రాస్తాను, రేపు కాలేజీకి పోయాక వాళ్ళకి ఆ మాటే ఎదురవుతుంది.

మాస్టారూ, మీరు విశేషణాల సంగతి ఎత్తాక నాకు దారి దొరికింది. మనకి చేయు, చేయించు అని రెండున్నాయి, ఆ ఇంచు ఒక్కటి చాలు పని ఎవరిదో తెలియడానికి. "మనిషి జన్యువు ప్రకారం బ్యాక్టీరియాతో చేయించిన కీమోకైన్." పొడుగే, కానీ అమ్మకి మళ్ళీ చదివి వినిపిస్తే ఈసారి "ఏ మనిషి" అనలేదు, "బ్యాక్టీరియాకి మన భాష ఎట్లా తెలుస్తుందే?" అని అడిగింది. దానికి ఇంకో పేజీ రాయాలి.