అప్‌డేట్: లురాసిడోన్ ఖర్చు లెక్క తేలింది

బైపోలార్ డిప్రెషన్‌కి (మూడ్ విపరీతంగా ఎక్కుతూ దిగుతూ ఉండే జబ్బులో వచ్చే కుంగుబాటు) వాడే లురాసిడోన్ 40 మి.గ్రా. మాత్ర పనిచేయట్లేదు, ఖర్చూ ఎక్కువే, ఇదే జబ్బుకి వాడే ఇంకో మందు క్వెటియాపిన్ 300 మి.గ్రా.కి మారితే గిట్టుబాటవుతుందా అని తమ్ముడి కోసం అడిగాను కదా. "మాత్ర ఎప్పుడు వేస్తున్నారు?" అని అడిగినవాళ్లకి చాలా థ్యాంక్స్. తప్పు అక్కడే దొరికింది. పడుకునే ముందు ఖాళీ కడుపుతో వేసేవాళ్లం. కనీసం 350 కేలరీల భోజనంతో వేయకపోతే మందు సుమారు సగమే ఒంటికి పడుతుందట, అంటే మాత్రకి పెట్టిన డబ్బులో సగం వృథా. రెండు బిస్కెట్లు చాలవు. పప్పన్నం, పెరుగన్నం తిన్న వెంటనే వేయాలి. అలా వేయడం మొదలుపెట్టాక డోసు పెంచకుండానే ఆరు వారాల్లో తేడా కనిపించింది. మందు మార్చడం అనవసరమని తేలింది.

క్వెటియాపిన్ మాత్ర చవకే కానీ బరువు, షుగర్ పెరిగే అవకాశం ఎక్కువ, ఆ ఖర్చూ కలుపుకోవాలి. ఇదే జబ్బుకి వాడే మరో మందు లామోట్రిజిన్‌ని దద్దుర్ల భయంతో 25 మి.గ్రా. నుంచి మెల్లగా పెంచాలి, 200కి చేరేసరికి ఆరో వారం వస్తుంది. డాక్టర్‌ని అడగకుండా ఏదీ మార్చకండి, ఆపకండి.