చిన్న సినిమాలకి మన గోదావరి నవ్వుకేనా?

రాజోలు ప్రేక్షకుడు:

సూటిగా అడుగుతున్నానండి. పెద్ద హీరో లేకుండా తక్కువ డబ్బుతో వచ్చే ఇండిపెండెంట్ డ్రామాలూ కామెడీలూ దొరికినంతవరకు వదలను. నా లెక్కలో ఈమధ్య గోదావరి జిల్లాల గురించి నిజం చెప్పినవి డ్రామాలే. కామెడీలు మన నేలనీ మన మాటనీ వాడుకుని వెళ్ళిపోతున్నాయి.

'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' (2024) తీసుకోండి. దుష్యంత్ కటికనేని దర్శకుడు. అంబాజీపేట అంటే బయటివాళ్ళకి కొబ్బరి మార్కెట్టే. సినిమాలోనూ చెట్లున్నాయి, కాలవలున్నాయి. కానీ కథ నడిచేది సెలూన్లోంచి, పెళ్ళి మేళంలోంచి. మల్లి క్షవరం చేస్తాడు, పెళ్ళిళ్ళలో వాయిస్తాడు. తోబుట్టువు పద్మ టీచరు. ఊళ్ళో డబ్బూ పరపతీ ఉన్న వెంకట్‌తో ఆ ఇద్దరికీ వచ్చిన గొడవలో కులం ఎక్కడుందో ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు, మనకి తెలుసు. పోలీస్ స్టేషన్లో పద్మ వెంకట్‌కి ఎదురు తిరిగినప్పుడు నేను చూసిన హాల్లో ముందు వరసలు లేచి నుంచున్నాయి, ఈలలు ఆగలేదు. వెనక బాల్కనీలో చాలామంది కదలకుండా కూర్చున్నారు. ఒకే సీను, ఒకే హాలు. మన ఊళ్ళ సంగతి అంత స్పష్టంగా తెరకి ఇవతల కూడా కనపడటం నేనెప్పుడూ చూళ్ళేదు.

కామెడీల్లో ఏముంటోంది? ఓ పడవ, ఓ రేవు, పూతరేకులు, మాటకి ముందో వెనకో వెటకారం ఆడే ఓ బాబాయి. కొబ్బరి తోట చూపిస్తారు గానీ దింపు కార్మికుణ్ణి చూపించరు. అంతెత్తు చెట్టెక్కేవాడు జారిపడితే ఆ ఇల్లు ఏమవుతుందో ఒక్కరికీ కథగా తోచలేదు. పడవ చూపించడం తప్పని కాదండి. బాపు గారు 1967లో 'సాక్షి' తీసింది మన పులిదిండిలోనే. రేవు దాటించే మామూలు మనిషి హత్య చూస్తాడు, కోర్టులో ఉన్నది ఉన్నట్టు చెప్తాడు, ఆ హంతకుడు తిరిగొచ్చేసరికి ఊరంతా అతన్ని ఒంటరిగా వదిలేస్తుంది. అందులోనూ గోదావరి ఉంది. చూసి మురిసిపోవడానికి మాత్రం పెట్టలేదు.

పాలకొల్లు నుంచి:

రాజోలు గారూ, మీ బాధ అర్థమైంది గానీ తప్పు కామెడీ మీద వేస్తే ఒప్పుకోనండి. మాది అల్లు రామలింగయ్య గారి ఊరు, నవ్వించడం ఎంత కష్టమో మాకు తెలుసు. మీరు చెప్పే ఆ పడవా పూతరేకుల సినిమాలు చెడ్డ సినిమాలు, అంతే. వాటిని చూపించి కామెడీనే తక్కువ చేస్తారా?

'కమిటీ కుర్రోళ్ళు' (2024) సంగతేంటి? యదు వంశీ తీసింది మన గోదావరి పల్లె కథే. మొదటి గంటంతా పదకొండు మంది కుర్రాళ్ళ అల్లరి, నవ్వులు. ఒకే సైకిళ్ళు, ఒకే చెరువు, ఒకే జాతర. తర్వాత రిజర్వేషన్ల దగ్గర మాట మాట పెరిగి, వాళ్ళు కులాలవారీగా విడిపోయినప్పుడు గుండె పట్టేస్తుంది. ఎందుకు పట్టేసింది? అంతకుముందు వాళ్ళతో కలిసి మనం నవ్వాం కాబట్టి. ఆ నవ్వు తీసేయండి, మిగిలేది ఉపన్యాసం. కోనసీమలో 2022 మేలో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద గొడవై ఇళ్ళు తగలబడ్డాయి. అది చూసిన వాళ్ళం మనం. ఆ గొడవలకి రెండు వైపులా ఉన్న కుర్రాళ్ళని ఒకే హాల్లో కూర్చోబెట్టి ఈ కథ చూపించాలంటే నవ్వుతోనే మొదలుపెట్టాలి. డ్రామా అయితే సగంమంది పోస్టరు చూసే వెనక్కి తిరుగుతారు.

'సినిమా బండి' (2021) కూడా చూడండి. అది మన ప్రాంతం కాదు, కర్ణాటక సరిహద్దు పల్లె. ఆటో డ్రైవరుకి తన బండిలో ఖరీదైన కెమెరా దొరుకుతుంది, ఊరివాళ్ళతో సినిమా తీస్తాడు. నవ్వలేక చచ్చాను. ఒక్క చోట కూడా ఆ ఊరివాళ్ళని చూసి నవ్వలేదు, వాళ్ళతో కలిసి నవ్వాను. ప్రవీణ్ కండ్రేగుల చేసిన ఆ పని మన ఊళ్ళమీద ఇంకెవరూ చెయ్యలేదంటే అది చెయ్యనివాళ్ళ తప్పు.

నరసాపురం అమ్మాయి:

మీరిద్దరూ మగపిల్లల కథలే మాట్లాడుతున్నారు, గమనించారా?

పద్మ పాత్ర గురించి రాజోలు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. శరణ్య ప్రదీప్ గారు చేసిన ఆ పాత్ర కోసం ఆ సినిమా మళ్ళీ చూస్తాను. కానీ అదే సినిమాలో మల్లి ప్రేమించిన లక్ష్మి ఉంది కదా, ఆ అమ్మాయికి ప్రేమించడం, ఏడవడం తప్ప పనేముంది? ఆ పాత్ర వేసిన శివాని నాగరం మరుసటి ఏడాది 'లిటిల్ హార్ట్స్'లో చేసింది. అది పక్కా కామెడీ. ఎంసెట్ పోయి లాంగ్ టర్మ్ కోచింగులో కూర్చున్న పిల్లల కథ. అందులో ఆ అమ్మాయికి మాటుంది, సిగ్గుంది, దాచుకున్న సంగతుంది, తనకంటూ ఒక భయం ఉంది. అదే నటి. ఆడపిల్లని మనిషిగా చూసింది డ్రామానా, కామెడీనా? మీరే చెప్పండి.

నేనడిగేది వేరే. నరసాపురం, పాలకొల్లు, రాజోలు, మలికిపురం చుట్టూ ఎంతమంది ఆడవాళ్ళు కువైట్‌కి, దుబాయ్‌కి ఇంటిపనికి వెళ్తున్నారు! మా వీధిలో అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లలే ఎక్కువ. ఫోన్లో అమ్మ హోంవర్కు అడుగుతుంది, పిల్ల ఫోను బోర్లించి బయటికి పరిగెడుతుంది. రెండేళ్ళకోసారి అమ్మ వచ్చినప్పుడు చిన్నది దగ్గరికి వెళ్ళడానికి సిగ్గుపడుతుంది. ఈ మాట చెప్పే సినిమా ఏది? అది ఏడిపిస్తూ తీసినా, నవ్విస్తూ తీసినా నాకు అభ్యంతరం లేదు. ముందు తీయండి.

కాకినాడ నుంచి:

ఒక్క ప్రశ్న. వీటిని ఇండిపెండెంట్ అని ఎలా అంటున్నారు? మ్యారేజి బ్యాండు వెనక గీతా ఆర్ట్స్ వాళ్ళ జీఏ2 సంస్థ ఉంది, కమిటీ కుర్రోళ్ళకి నిర్మాత నిహారిక కొణిదెల. నా దృష్టిలో ఇండిపెండెంట్ అంటే 'కేరాఫ్ కంచరపాలెం' (2018). వెంకటేష్ మహా ఆ పేటలోవాళ్ళనే నటులుగా పెట్టుకుని తీశారు. విడుదలకి సురేష్ ప్రొడక్షన్స్ అండ తర్వాత వచ్చింది, సినిమా ముందే పూర్తయింది. డబ్బు ఎవరిది అన్నదాన్ని బట్టే కథలో ఎవరికి కోపం రాకూడదో తేలుతుంది.

రావులపాలెం నుంచి (థియేటర్లో పనిచేశాను):

కాకినాడ గారి మాట సబబే గానీ, పెద్ద చెయ్యి లేకపోతే ఆ సినిమా మా ఊరిదాకా రాదండి. హాలుకి సినిమావాళ్ళు వారం అద్దె కట్టాలి. జనం వచ్చినా రాకపోయినా కరెంటు బిల్లు ఆగదు. 2025 మేలో అద్దె వద్దు, వసూళ్ళలో పర్సంటేజీ ఇవ్వండని ఎగ్జిబిటర్లు, అంటే హాళ్ళు నడిపేవాళ్ళు, హాళ్ళు మూసేస్తామన్నది ఊరికే కాదు. 2022 మార్చి జీవోలో ఐదో ఆట ఒప్పుకుంటూ, రోజుకో ఆట చిన్న సినిమాకి ఇవ్వాలని రాశారు. మేం ఉన్న చోట ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది.

చిన్న డ్రామాకి శుక్రవారం మ్యాట్నీ ఇస్తారు. పదిమంది వస్తారు. సోమవారం ఆట తీసేస్తారు. ఆ వారం చివరికి ఊళ్ళో మాట పాకేసరికి సినిమా ఉండదు. కామెడీకి ఆ ఇబ్బంది తక్కువ. కాలేజీ పిల్లలు సాయంత్రానికే ఫోన్లలో రీల్స్ పెట్టేస్తారు, శనివారం ఫస్ట్ షోకి బళ్ళు నిలబెట్టే చోటుండదు. లిటిల్ హార్ట్స్ అలాగే ఆడింది. అందుకని డ్రామా నిజం, కామెడీ అబద్ధం అని నేననను. డ్రామాకి టైమివ్వలేదు, అంతే.

రాజోలు ప్రేక్షకుడు:

పాలకొల్లు గారూ, కమిటీ కుర్రోళ్ళని కామెడీ ఖాతాలో వేసుకుంటానంటే మాత్రం ఊరుకోనండి. ఆ నవ్వులు బాగున్నాయి, కాదన్లేదు. కానీ ఇంటికొచ్చాక నేను తల్చుకున్నది అల్లరిని కాదు, జాతరలో చనిపోయిన ఆ స్నేహితుణ్ణి. నాకు పేచీ ఆ సినిమా చివర్లో ఉంది. పన్నెండేళ్ళ దూరం ఒక జాతరకి, ఒక ఎలక్షన్‌కి కరిగిపోయింది. మన ఊళ్ళలో అలా కరగదు. మ్యారేజి బ్యాండు అలా కరిగిపోనివ్వలేదు, అందుకే దాన్ని ఒక మెట్టు పైన వేస్తాను.

నరసాపురం అమ్మాయి గారూ, గల్ఫ్ తల్లి కథ ఎవరైనా తీస్తే మొదటి రోజు టిక్కెట్టు నాది. అయితే అది ఏడుపు కోసం తీయకూడదు, నవ్వుల కోసం అసలే తీయకూడదు. మీరు చెప్పిన ఆ ఫోను బోర్లించిన పిల్ల దగ్గర కెమెరా ఆగాలి. లిటిల్ హార్ట్స్‌లో అమ్మాయి పాత్ర గురించి మీరన్నది ఒప్పుకుంటాను. లక్ష్మికి అన్యాయం జరిగింది.

రావులపాలెం గారూ, మీ దగ్గర ఒక సంగతి తెలుసుకోవాలి. మ్యాట్నీ వద్దు, ఆదివారం మార్నింగ్ షో ఇవ్వండి, హాలు నింపే బాధ్యత మాది అని ఊళ్ళో కొందరం కలిసి వెళ్ళి అడిగితే యజమాని వింటాడా?

రావులపాలెం నుంచి:

అడ్వాన్సుగా వంద టిక్కెట్లు కొంటామంటే వింటాడండి. ఊరికే జనాన్ని తెస్తామంటే వినడు. ఆ మాట సినిమా వచ్చే ముందు వారం అడగాలి, శుక్రవారం పొద్దున్న కాదు.