ఆపరేషన్ చేసిన కయోటీ హద్దు ఎలా కాస్తుంది? పశువైద్యులెవరైనా చెప్పండి

మాది చీపురుపల్లి. మా పాప సైన్స్ ఫెయిర్‌కి అమెరికా ఎర్ర తోడేళ్ళ మీద చార్టు చేస్తోంది. అడవిలో ఇక లేవని 1980లో ప్రకటించేశాక, బోన్లలో పెంచినవాటిని 1987 నుంచి నార్త్ కరోలినాలో వదిలారు. చిక్కంతా కయోటీలతోనే (నక్కకీ తోడేలుకీ మధ్యస్తంగా ఉంటాయిలెండి). తోడు దొరక్క తోడేళ్ళు వాటితో జతకడితే జాతి కలిసిపోతుంది. అందుకని కయోటీలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, మెడకి రేడియో పట్టీ కట్టి అక్కడే వదిలేస్తారట. అవి వేరే కయోటీల్ని తమ హద్దులోకి రానివ్వవు.

మా నాన్న ఒప్పుకోవట్లేదు. "విత్తులు నొక్కించిన ఎద్దు ఆంబోతు మీదకెళ్తాదేటి?" అంటున్నారు. మరి ఇది ఆ రకం ఆపరేషన్ కాదా? మనుషుల కుటుంబ నియంత్రణలోలా నాళం మాత్రమే కోస్తారా? ఆడవాటికి ఏం చేస్తారు? శనివారంలోపు చెబితే చార్టులో ఆ బొమ్మ కూడా వేయిస్తాను.