వాడిన క్యూ3 కొనాలా, అప్పు చేసి కొత్త ఎక్స్1 కొనాలా? (రెండూ వద్దనేవాళ్లూ రావచ్చు)

కొంపల్లి_కాపురం

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా మా ఇంట్లో తెగని పంచాయితీ ఇది. ఇప్పుడున్న హ్యాచ్‌బ్యాక్‌కి తొమ్మిదేళ్లు నిండాయి. ఈసారి చిన్న సైజు లగ్జరీ ఎస్‌యూవీ తీసుకోవాలని ఆశ. బీఎండబ్ల్యూ ఎక్స్1, మెర్సిడెస్ జీఎల్ఏ, ఆడి క్యూ3, ఈ మూడింట్లో ఏదైనా సరే. కొత్తదైతే ఎక్స్-షోరూమే యాభై లక్షల చుట్టూ ఉంది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ కలిస్తే అరవై దాటుతోంది. నా చేతిలో ఉన్నది నలభై. మిగతాది లోన్ తీసుకోవచ్చు గానీ, మా ఆవిడకు లోన్ అన్న మాట వింటేనే ఒళ్లు మంట.

రెండో దారి: 2022 మోడల్ క్యూ3 ఒకటి చూశాను. ఒక్కరే ఓనరు, 31 వేల కిలోమీటర్లు తిరిగింది, 34 లక్షలు చెబుతున్నారు.

రోజూ కొంపల్లి నుంచి గచ్చిబౌలికి, రానుపోను అరవై కిలోమీటర్లు. నెలకోసారి రాజమండ్రి వెళ్లి అమ్మను చూసొస్తాం, ఒక్కోసారి వెంట తీసుకొస్తాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు. బండి ఏడెనిమిదేళ్లు ఉంచుకుంటాను. ఏం చేయమంటారు?

లెక్కల_మాస్టారు

వాడినదే. ఆలోచించాల్సిన పని లేదు.

ఇన్సూరెన్స్ వాళ్ల తరుగు పట్టిక చూడండి. ఆరు నెలల లోపు బండికి 5 శాతం కోత, ఏడాదికి 15, రెండేళ్లకు 20, మూడేళ్లకు 30, నాలుగేళ్లకు 40, ఐదేళ్లకు 50. అది కూడా ఎక్స్-షోరూమ్ ధర మీదే. మీరు కట్టే లైఫ్ ట్యాక్స్ ఈ లెక్కలోకే రాదు, కట్టిన రోజే పోయినట్టు. అదే రాష్ట్రంలో రెండో ఓనరుకు ఆ ట్యాక్స్ మళ్లీ కట్టే పని లేదు. అంటే మొదటి ఓనరు మీ తరఫున దాదాపు ఎనిమిది లక్షలు కట్టేశాడన్నమాట. దండం పెట్టి తీసుకోవాలి.

అయితే 34 మాత్రం ఇవ్వకండి. వాళ్లు చూపించే పాత ఇన్‌వాయిస్ పక్కన పెట్టండి. 2025 సెప్టెంబర్ 22కు ముందు ఈ తరగతి బండ్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి, ఇంజన్‌ని బట్టి 45 నుంచి 50 శాతం ఉండేది. ఇప్పుడు సెస్సు లేదు, మొత్తం 40. కొత్తదాని ధర దిగాక పాతదాని ధర పైనే కూర్చుంటే ఎలా? 2022 ఆగస్టులో వచ్చినప్పుడు క్యూ3 మొదటి వేరియంట్ ధర 44.89 లక్షలు. దాని మీద 40 శాతం కోస్తే 27 లోపు. బజారు ధర వేరని నాకూ తెలుసు. కానీ బేరం 27 దగ్గర మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు.

ఒకసారి_కాలినవాడు

మాస్టారూ, మీ పట్టికలో ఒక గడి లేదు.

నేను నాలుగేళ్ల కిందట వాడిన జర్మన్ బండి కొన్నాను. ఏ కంపెనీ, ఎవరి దగ్గర అనేది వద్దులెండి. మీరు చెప్పినట్టే లెక్కేసుకుని, ఇరవై లక్షలు మిగిలాయని ఊళ్లో అందరికీ చెప్పుకున్నాను కూడా. వారంటీ అయిపోయిన రెండో నెలలో సిగ్నల్ దగ్గర బండి రివర్స్‌లోంచి డ్రైవ్‌లోకి రావడం మానేసింది. గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ పోయిందన్నారు. బిల్లు మూడు లక్షల ఎనభై వేలు. పార్టు బయటి దేశం నుంచి రావాలని ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ నేను ఆఫీసుకు ఆటోలో. మా బావమరిది పనిగట్టుకుని ఫోన్ చేసి "బావా, బండెక్కడ?" అని అడిగేవాడు.

బండి ధర సగానికి పడుతుంది. దాని పార్టుల ధర మాత్రం అక్కడే ఉంటుంది. నలభై లక్షల బండిని ఇరవై అయిదుకు కొన్నవాడు కూడా నలభై లక్షల బండి బిల్లే కట్టాలి.

బెజవాడ_ఆటోనగర్

సార్, నేను ఇరవై రెండేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. పైన ఇద్దరు చెప్పిందీ నిజమే. గొడవ కొత్తదా పాతదా అని కాదు, ఆ ఒక్క బండి ఎలాంటిదన్నదే. అది చూడటం చెబుతాను.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కార్లు ఎన్ని మునిగాయో లెక్కలేదు. ఇన్సూరెన్స్ వాళ్లు బాగుచేయడం దండగని టోటల్ లాస్ రాసిన బండ్లు వేలంలో పోతాయి. ఎవరో కొని, కడిగి, సీట్లు మార్చి, ఆరు నెలల తర్వాత వేరే ఊళ్లో అమ్ముతారు. హైదరాబాద్‌లో 2020 అక్టోబర్ వానల తర్వాత కూడా ఇదే జరిగింది.

మునిగిన బండిని పట్టుకోవడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. పైన మూడడుగులు అందరూ కడుగుతారు, లోపల చుట్టుకున్న భాగాన్ని ఎవరూ కడగరు. బురద చార కనిపిస్తే దండం పెట్టి వచ్చేయండి. సీటు కింద పట్టాల మీద తుప్పు, డిక్కీలో కార్పెట్ ఎత్తితే కింద గుంటలో ఇసుక, ఏసీ వేసిన మొదటి నిమిషంలో ముక్కిన వాసన. సెంటు గట్టిగా కొట్టి ఉంటే ఇంకా అనుమానించండి.

యాక్సిడెంట్ సంగతి అద్దాలు చెబుతాయి. ప్రతి అద్దం మూలన తయారీ గుర్తు ఉంటుంది. అన్నీ ఒకే ఏడాదివై ఉండి ఒక్కటి తేడాగా ఉంటే ఎందుకని అడగాలి. టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 31 వేలే తిరిగిందంటూ నాలుగు టైర్లూ కొత్తవైతే మీటరు మీద నమ్మకం తగ్గించుకోండి.

అన్నిటికంటే ముందు, ఛాసిస్ నంబర్ తీసుకుని ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చరిత్ర మొత్తం తీయించండి. ఓనరు పక్కనుండి అడిగితే ఇస్తారు. ఓనరు రానన్నాడంటే మీకు సమాధానం దొరికినట్టే.

ఫ్రిస్కో_పిన్ని

బాబూ, డాలస్ దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఉంటున్నాం. ఇప్పటివరకు కొత్త కారు కొనలేదు. మూడేళ్ల లీజు అయిపోయి వెనక్కి వచ్చిన లెక్సస్ ఎన్ఎక్స్ తీసుకున్నాం, కంపెనీయే పరీక్షించి అమ్మే సర్టిఫైడ్‌లో, కంపెనీ వారంటీతో. చక్కగా నడుస్తోంది. కార్‌ఫ్యాక్స్ రిపోర్టు తీస్తే యాక్సిడెంట్లు, ఓనర్లు అన్నీ కనిపిస్తాయి. కొత్తది కొనడం డబ్బు తగలేయడమే.

ఒకసారి_కాలినవాడు

పిన్నిగారూ, మీ దగ్గర లీజు బండ్లు కుప్పలుగా వస్తాయి, ఏరుకోవచ్చు. రిపోర్టు ఒక్క క్లిక్కు. ఇక్కడ సర్వీస్ చరిత్ర కోసం ఓనరును బతిమాలుకోవాలి. వారంటీ అయిపోగానే చాలామంది బయట గ్యారేజీకి వెళ్తారు, అక్కడితో చరిత్ర తెగిపోతుంది.

లెక్కల_మాస్టారు

సర్టిఫైడ్ ఇక్కడా ఉంది కదండీ. బీఎండబ్ల్యూకి ప్రీమియం సెలెక్షన్, మెర్సిడెస్‌కి సర్టిఫైడ్, ఆడికి అప్రూవ్డ్ ప్లస్. బయటకంటే రెండు మూడు లక్షలు ఎక్కువ అడుగుతారు, నిజమే. ఆ రెండు మూడు లక్షలే మీ గేర్‌బాక్స్ బిల్లుకు ఇన్సూరెన్స్ అనుకోండి.

గల్లీ_డీజిల్

అన్నా, ఢిల్లీ బండ్లు చూడు. అక్కడ డీజిల్‌కి పదేళ్లు, పెట్రోల్‌కి పదిహేనేళ్లు అని రూలు తెచ్చినప్పటి నుంచి భయంతో అగ్గువకు అమ్ముకుంటున్నరు. ఎక్స్1 డీజిల్ ఇక్కడికంటే ఐదారు లక్షలు తక్కువకు వస్తది.

లెక్కల_మాస్టారు

తమ్ముడూ, ఆ ఐదారు లక్షలు ఎక్కడికి పోతాయో కూడా చెప్పు. అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ. పన్నెండు నెలలకు మించి వేరే రాష్ట్రం నంబర్‌తో తిరగకూడదు. లారీ మీద తెచ్చే ఖర్చు వేరే. ఇవన్నీ పోను మిగిలేది తిరుగుడే.

గల్లీ_డీజిల్

సరే, ఢిల్లీ వద్దు. డీజిల్ మాట మాత్రం వదల. రోజుకు అరవై కిలోమీటర్లు, అదీ ఔటర్ రింగ్ రోడ్డు మీద అయితే డీజిల్‌కే లాభం. సిటీలో ఐదు కిలోమీటర్లు పోయి ఆపేటోళ్లకే డీపీఎఫ్‌లో, అంటే పొగ ఫిల్టర్‌లో, మసి పేరుకుని టెన్షన్. క్యూ3లో డీజిల్ రాదు, బీఎస్6 పొల్యూషన్ రూలు వచ్చినంక ఆడి ఇక్కడ డీజిల్ బంద్ పెట్టింది.

ఛార్జింగ్_చారి

అందరూ ఒక సంగతి మరచిపోయారు. తెలంగాణలో ఎలక్ట్రిక్ కారుకు లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు సున్నా, 2026 డిసెంబర్ 31 వరకు. జీఎస్టీ 5 శాతమే. ఎలక్ట్రిక్ ఎక్స్1, అంటే బీఎండబ్ల్యూ ఐఎక్స్1 లాంగ్ వీల్‌బేస్ 2025 జనవరిలో 49 లక్షలకు వచ్చింది. పెట్రోల్ ఎక్స్1 ఎక్స్-షోరూమ్ ధరా దాదాపు అంతే, కానీ ఆన్-రోడ్ వచ్చేసరికి తొమ్మిది పది లక్షల తేడా. పైగా వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, పెంచింది వెనక సీటు కోసమే. మీ అమ్మగారికి మోకాళ్లు అన్నారు కదా!

66.4 కిలోవాట్ అవర్ బ్యాటరీ. కంపెనీ 531 కిలోమీటర్లు అంటుంది. హైవే మీద ఏసీ వేసుకుని 380 వస్తే గొప్పే. రాజమండ్రి నాలుగొందల ఇరవై. విజయవాడ చుట్టుపక్కల భోజనానికి ఆగినప్పుడు ఛార్జింగ్ పెట్టుకుంటే సరిపోతుంది.

కొంపల్లి_కాపురం

చారి గారూ, ఇది నాకు తట్టనే లేదు. కానీ మాది అపార్ట్‌మెంట్. పార్కింగ్‌లో ఛార్జర్‌కి అసోసియేషన్ ఒప్పుకోవడం లేదు. లిఫ్ట్ మార్చడానికే రెండేళ్లు కొట్టుకున్న అసోసియేషన్ అది. పైగా నలభైకి ఇంకో పన్నెండు కావాలి.

పెద్దాపురం_ప్రాక్టికల్

నా మాట కూడా వినండి. నలభై లక్షల్లో ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ కొత్తది వస్తుంది. అమ్మగారు కాలు చాపుకుని కూర్చుంటారు. దారిలో ఎక్కడ ఆగినా మెకానిక్ దొరుకుతాడు. ఐదేళ్ల తర్వాత అమ్మితే కొనేవాళ్లు వరసలో నిలబడతారు. బ్యాడ్జీ కోసం ఇన్ని తంటాలు ఎందుకు?

కొంపల్లి_కాపురం

మీరు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. కానీ ఇరవై ఏళ్లు ఉద్యోగం చేశాక ఒక్కసారి బుద్ధి చెప్పిన బండి కాకుండా మనసు అడిగిన బండి కొనాలని ఉందండీ. తప్పో ఒప్పో.

బెజవాడ_ఆటోనగర్

తప్పేం లేదు సార్. ఒకటి మాత్రం చేయండి. వాడినది కొంటే నాలుగు లక్షలు పక్కన తీసి పెట్టండి, దాన్ని ముట్టుకోకండి. అది బండి ధరలో భాగమే అనుకోండి. ఆ నాలుగు పక్కన పెట్టలేని ధరకు బండి దొరికినా మీకు అది ఖరీదే.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన బండి కాబట్టి, అది ఈ20కి పనికొస్తుందా అని కంపెనీని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. నోటిమాట వద్దు.

కొంపల్లి_కాపురం

నిన్న ఆదివారం బండి చూసొచ్చాం. అమ్మ ఇక్కడే ఉంది, తీసుకెళ్లాను. నేను మెకానిక్‌తో బానెట్ దగ్గర ఉంటే, అమ్మ వెనక కూర్చుని బెల్టు పెట్టుకుందామని లాగింది. చివరిదాకా వచ్చేసింది. "ఇదేంట్రా, ఇంత పొడుగుంది" అంది. శుభ్రంగా ఉంది. సీట్ల కింద తుప్పు లేదు.

అద్దాల దగ్గర మాత్రం ఆటోనగర్ గారి మాట నిజమైంది. ముందు అద్దం మీద 2024 గుర్తు, మిగతావన్నీ 2022. కుడి వైపు ముందు టైరు ఒక్కటీ కొత్తది. అడిగితే ఓనరు కాసేపు తడబడి, ఔటర్ మీద డివైడర్‌కు తగిలిందని ఒప్పుకున్నారు. సర్వీస్ సెంటర్‌కి తనే వచ్చి చరిత్ర తీయించారు. బంపరు, హెడ్‌లైటు, ముందు అద్దం మారాయి. ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు, ఛాసిస్‌కి దెబ్బ లేదు. మొదటి రోజే చెప్పి ఉంటే బాగుండేది. అయినా అడిగాక దాచలేదు.

మాస్టారి లెక్క ప్రకారం 27 అన్నాను, ఓనరు నవ్వారు. 29.5 దగ్గర ఆగాం. సర్టిఫైడ్ కాదు కాబట్టి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఇస్తారా అని కంపెనీని అడిగాను. ఇన్‌స్పెక్షన్ చేశాక చెబుతామన్నారు, బుధవారం. వాళ్లు వారంటీ ఇవ్వం అంటే నేనూ బండి తీసుకోను.

మా ఆవిడ మాత్రం వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుందని తెలిశాక మెత్తబడింది.

ఒకసారి_కాలినవాడు

29.5, వారంటీతో అయితే నేనూ నోరు మూసుకుంటాను. అయితే టోకెన్ ఇచ్చే ముందు ఓనరు బ్యాంకు లోన్ తీరిందో లేదో ఆర్‌సీలో హైపోథెకేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందనే నమోదు) చూడండి. ఉంటే ఆ తాకట్టు తీసేసే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బు. ఓనరు పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు మీ ముందే పెట్టించండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదకు మార్చుకోవాలి. ఆయన నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో తగ్గింపు) మీకు రాదు, ఆ తేడా ప్రీమియంలో కట్టాల్సి వస్తుంది. నాకు అది కూడా ఆలస్యంగానే తెలిసింది.

కొంపల్లి_కాపురం

రాసుకున్నా. బుధవారం వచ్చి చెబుతాను.