తాగి నడిపి ప్రాణం తీస్తే సెక్షన్ 105 పెట్టాలా, 106 చాలా?

ఓరుగల్లు_బాబాయ్:
2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో, రోడ్డు మీద పడి ఉన్న బైక్‌ని ఈడ్చుకెళ్లి బస్సు తగలబడింది. 19 మంది ప్రయాణికులు పోయారు. బైక్ నడిపినతను తాగి ఉన్నాడని ఫోరెన్సిక్ పరీక్షలో తేలింది. తాగి నడిపేవాళ్లు ఉగ్రవాదులేనని హైదరాబాద్ సీపీ సజ్జనార్ అన్నది అప్పుడే. నేనూ అదే అంటా. భారతీయ న్యాయ సంహితలో నిర్లక్ష్యం కింద 106 పెడితే ఐదేళ్లకు మించి పడదు. తాగి స్టీరింగ్ పట్టినోడికి ఏం జరగొచ్చో తెలియదా? హత్య కిందకు రాని ప్రాణహరణ నేరమైన 105 పెట్టి పదేళ్లు లోపలెయ్యాలి.

నల్లకోటు:
బాబాయ్, ఉగ్రవాది అనే మాట టీవీకి బాగుంటుంది, ఛార్జిషీటుకు పనికిరాదు. 105 కింద శిక్ష పడాలంటే ప్రాణం పోవచ్చని తెలిసే చేశాడని రుజువు చేయాలి. 2006లో ముంబై కార్టర్ రోడ్‌లో ఒకడు తాగి నడిపిన కారు ఎక్కి, ఫుట్‌పాత్ మీద పడుకున్న ఏడుగురు చనిపోయారు. సుప్రీంకోర్టు 2012లో, ఇప్పటి 105 లాంటిదే అయిన పాత ఐపీసీ 304 సెక్షన్ రెండో భాగమే ఖాయం చేసింది. శిక్ష మాత్రం మూడేళ్లు.

గోదారి_గట్టు:
పర్మిట్ రూమ్‌కి లైసెన్సిచ్చేది సర్కారే, సందు చివర ఊదించే మిషన్ పట్టుకుని కాపుకాసేదీ సర్కారే. ముందు అది తేల్చండి.

పాలమూరు_అక్క:
అందరూ పోయినవాళ్ల సెక్షన్లే మాట్లాడుతున్నారు. తాగి నడిపినోడు గుద్దినా మా తమ్ముడు బతికాడు. నడుం కింద స్పర్శ లేదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేదంటే వీపంతా పుండ్లు. రాత్రుళ్లు మరదలు ఫోన్‌లో అలారం పెట్టుకుని లేస్తుంది. కుట్టు మిషన్ మూలన పడింది. ఇంతకీ మా కేసు 125(బి), అంటే నిర్లక్ష్యంతో తీవ్రంగా గాయపరచడం; మహా అయితే మూడేళ్లు. గాయాల కేసు కాబట్టి రాజీకీ వీలుంది. ఇంకేం, గుద్దినవాడి తరఫు పెద్దమనుషులు ఇంటికొచ్చారు. “పిల్లాడి వీసా ఆగిపోతుందమ్మా, మూడు లక్షలు తీసుకోండి” అన్నారు. తాగి ఉన్నాడని రాస్తే ఇన్సూరెన్స్ కూడా రాదన్నారు.

నల్లకోటు:
అక్కా, ఆ చివరి మాట నమ్మొద్దు. అతను తాగినందుకు మీ నష్టపరిహారం పోదు. ముందు కంపెనీ కట్టి, తర్వాత బండి ఓనర్ దగ్గర రాబట్టుకోమని ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ ఆదేశించొచ్చు. ఎక్కడా సంతకం పెట్టకండి.

ఓరుగల్లు_బాబాయ్:
చూశారా, వీసా అంట! అందుకే గట్టి సెక్షన్ కావాలంటున్నా.

పాలమూరు_అక్క:
అన్నా, వాణ్ని పదేళ్లు వేసినా నాకు అభ్యంతరం లేదు. కానీ డైపర్లు, యూరిన్ బ్యాగులు, ఫిజియోథెరపీ ఖర్చు మా మీదేగా? లాయర్ గారూ, ఆయాని పెట్టుకోలేదు, రశీదులూ లేవు. మరదలు చేసేదానికి లెక్క కడతారా?

నల్లకోటు:
కడతారు. ఇంట్లోవాళ్లు చేసినా అది సేవే. 2020లో మంచాన పడ్డ ఓ బాలిక కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు సహాయకుల ఖర్చు నెలవారీగా లెక్కగట్టి, వయసును బట్టి ఇన్నేళ్లకని హెచ్చించే మల్టిప్లయర్ వేసి ఇప్పించింది. డిజేబిలిటీ సర్టిఫికెట్‌తో పాటు, రోజంతా మనిషి తోడుండాలని డాక్టర్‌తో రాయించండి. ఆ కాగితం లేకే చాలామందికి తక్కువొస్తుంది. కుట్టుపనిలో మరదలికి నెలకి ఎంతొచ్చేదో కూడా మీ లాయర్‌కి చెప్పండి.