హైదరాబాద్ నడిబొడ్డున కారు లేకుండా సంసారం: అనుభవమున్నవారు చెప్పగలరు

నిజాంపేట వాసి:
అందరికీ నమస్కారం. మేము ప్రస్తుతం నగర శివారులోని నిజాంపేటలో ఉంటున్నాం. పాల ప్యాకెట్టు మొదలుకొని పిల్లవాడి నోటుపుస్తకం వరకు ఏది కావాలన్నా బండి తీయవలసి వస్తోంది. మా అమ్మానాన్నలు ఇద్దరూ వాహనం నడపలేరు కాబట్టి, మేము ఉద్యోగాలకు వెళ్లిన తరువాత వారు అపార్టుమెంటు ప్రహరీ దాటడం లేదు. అందుకే కారు అమ్మివేసి బర్కత్‌పురా, నారాయణగూడ, కాచిగూడ ప్రాంతాల్లో ఎక్కడైనా అద్దె ఇల్లు తీసుకుందామని ఆలోచిస్తున్నాం. నా భార్య ఆఫీసు రాయదుర్గంలో, నాది నాంపల్లిలో. అక్కడ కారు లేకుండా ఇల్లు గడుపుతున్నవారు మంచిచెడులు రెండూ వివరంగా రాస్తే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

బర్కత్‌పురా నివాసి:
మీ ఆలోచన సరైనదే. కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ, మూసీ ఉత్తరపు ఒడ్డున పెరిగిన ఈ ప్రాంతం కార్లు రాకముందే స్థిరపడిన ఊరు. అందువల్ల ఇళ్లు, బడులు, ఆసుపత్రులు, అంగళ్లు ఒకదానికొకటి నడిచి వెళ్లగలిగినంత దగ్గరలోనే ఏర్పడ్డాయి. పైగా ఇక్కడ సరుకుకొక బజారు ఉంది. కూరగాయలకు నారాయణగూడ మార్కెట్, బట్టలకు సుల్తాన్‌బజార్, బడీచౌడీ, కరెంటు సామానుకు ట్రూప్‌బజార్, ఎలక్ట్రానిక్ వస్తువులకు కోఠిలోని గుజరాతీ గల్లీ, వంటపాత్రలకూ హోల్‌సేల్ కిరాణాకూ బేగంబజార్ ఉన్నాయి. వీటిలో చాలావాటికి కారులో వెళితే నిలపడానికి చోటు దొరకదు, నడిచి వెళ్లినవారే ముందు ఇల్లు చేరుకుంటారు. బియ్యం బస్తా, పప్పుదినుసుల వంటి బరువైన నెలసరుకుల కోసం మాత్రం మేము ఆటో మాట్లాడుకుంటాం. కారుకు కట్టే నెలవాయిదా, బీమా, సర్వీసింగ్, పెట్రోలు ఖర్చు అన్నీ ఒక కాగితం మీద వేసుకొని చూడండి. వాటి పక్కన ఆ ఆటో కిరాయి లెక్కలోకి రాదు.

మీ అమ్మానాన్నల సంగతి రాశారు కనుక మరొక మాట చెప్పాలి. పెద్దవారికి దుకాణాల కంటే ముఖ్యమైనది, ఎవరినీ అడగకుండా తమంతట తాము వెళ్లి కూర్చోగల చోటు. సుల్తాన్‌బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఉంది. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. సాయంత్రం త్యాగరాయ గానసభలోనో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోనో ఏదో ఒక సభ జరుగుతూనే ఉంటుంది. ఆదివారం నాడు ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు కాలిబాటల పొడవునా పాతపుస్తకాలు పరుస్తారు. మా నాన్నగారు పదవీ విరమణ తరువాత ఈ చోట్ల చుట్టూనే తన వారమంతా అల్లుకున్నారు, మందుల దుకాణానికి వెళ్లి వచ్చే దారిలో స్నేహితులను కూడా సంపాదించుకున్నారు. నగర శివారులోని ఫ్లాటులో ఉంటే ఆయనకు ఆ స్వేచ్ఛ ఎన్నటికీ దక్కేది కాదు.

చిక్కడపల్లి ఉద్యోగిని:
మీ శ్రీమతి గారి ప్రయాణం గురించి నేను చెప్పగలను, నేనూ రాయదుర్గం వెళ్లేదాన్నే. మెట్రో పటం చూసినవారు నారాయణగూడ నుంచి ఎంజీబీఎస్‌కు (మహాత్మాగాంధీ బస్ స్టేషన్), అక్కడి నుంచి అమీర్‌పేటకు, మళ్లీ రాయదుర్గానికి అని రెండు చోట్ల మారే దారి ఎంచుకుంటారు. అలా కాకుండా ఆకుపచ్చ లైనులో ఎదురు దిక్కుగా జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) పరేడ్ గ్రౌండ్స్‌కు వెళ్లి, అక్కడ నీలి లైను ఎక్కితే అమీర్‌పేట మీదుగా నేరుగా రాయదుర్గంలోనే దిగవచ్చు. మారేది ఒక్కచోటే, అమీర్‌పేట రద్దీలో మెట్లెక్కి దిగే పని ఉండదు, నాగోలు నుంచి వచ్చే ఆ రైలులో పరేడ్ గ్రౌండ్స్ వద్ద చోటు దొరికే అవకాశమూ ఎక్కువే. మెట్రో 2017 నవంబరులో మొదలైనా, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు ఉన్న ఈ పదకొండు కిలోమీటర్ల భాగం 2020 ఫిబ్రవరిలో గాని తెరుచుకోలేదు. మా ప్రాంతపు ఉద్యోగులకు కారు అవసరం తగ్గింది ఆ తరువాతనే. మీ నాంపల్లి ఆఫీసుకైతే ఎంజీబీఎస్‌లో ఎర్ర లైనుకు మారాలి, లేదా ఆబిడ్స్ మీదుగా వెళ్లే బస్సు ఎక్కవచ్చు.

ఆర్టీసీ బస్సులను చిన్నచూపు చూడవద్దని కూడా నా మనవి. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ ఖర్చు లేదు, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చూపితే కండక్టరు సున్నా ఛార్జీ టికెట్ ఇస్తారు. మీ అమ్మగారు ఎవరి చేతినీ చూడకుండా కోఠికి వెళ్లి రాగలరు. కోఠి నుంచి పటాన్‌చెరు వెళ్లే 218, కొండాపూర్ వెళ్లే 127కె వంటి బస్సులు బయలుదేరే చోటే ఎక్కవచ్చు గనుక సీటు దొరుకుతుంది. ఉదయం, సాయంత్రం రద్దీ వేళల్లో మాత్రం నిలబడడానికి కూడా చోటుండదని ముందే తెలుసుకొని ఉండండి.

కాచిగూడ గృహిణి:
పైన ఇద్దరూ రాసినవి నిజమే, అయితే వారు చెప్పని కష్టం ఒకటుంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. ఆమె అర కిలోమీటరు నడవగలరు గాని, ఆ అర కిలోమీటరులో ఉన్న రోడ్డును దాటలేరు. కాలిబాట ఒకచోట మోకాలెత్తు ఉంటుంది, పది అడుగుల తరువాత ట్రాన్స్‌ఫార్మర్ అడ్డు వస్తుంది, ఆ పైన నిలిపి ఉంచిన ద్విచక్ర వాహనాలు, దుకాణాల సామాను. చివరకు కాలిబాట దిగి వాహనాల మధ్య నడవవలసి వస్తుంది. తోపుడు బండ్లవారిని నేను తప్పుపట్టను. వీధి వ్యాపారులకు స్థలం కేటాయించాలని 2014లో ప్రత్యేక చట్టమే వచ్చింది, పైగా వారు ఉన్న వీధిలోనే రాత్రివేళ ఆడవారు ధైర్యంగా నడవగలరు. తొలగించవలసినవి కాలిబాట మీద నిలిపిన వాహనాలు. ఆటంకాలు లేని, వికలాంగులకు అనువైన కాలిబాటలు పౌరుల హక్కు అని, అది రాజ్యాంగం 21వ అధికరణలోనిదేనని 2025 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ కూడలి వరకు ఉక్కు వంతెన 2023లో పూర్తయింది, కార్లు మెట్రో పట్టాల కంటే పైనుంచి వెళ్లిపోతున్నాయి. దాని కింద ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో నడిచేవారు మాత్రం ఇప్పటికీ చెయ్యి చాచి వాహనాలను ఆపుకుంటూనే దాటుతున్నారు. నడిచేవారి కోసం కూడా అంత శ్రద్ధ పెట్టమని మనం అడగాలి, అడుగుతూనే ఉండాలి.

మేము కనిపెట్టిన ఉపాయం ఒకటి చెబుతాను. మెట్రో స్టేషనులో టికెట్ గేట్ల ఇవతలి భాగం గుండా రోడ్డుకు ఒకవైపు నుంచి రెండోవైపుకు వెళ్లవచ్చు, అందుకు టికెట్ అక్కరలేదు. లిఫ్టులో పైకి వెళ్లి అవతల లిఫ్టులో దిగితే అత్తగారు ఒక్క వాహనానికీ ఎదురుపడకుండా దాటగలుగుతున్నారు.

రాంకోఠి తండ్రి:
నేను కారు అమ్మలేదు, కారణాలు చెబుతాను. మాకు చిన్నపిల్లలు ఇద్దరు. వానాకాలంలో గల్లీల్లో నీళ్లు నిలిచినప్పుడు, మూత తీసిన మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియని నీళ్లలో పిల్లల చెయ్యి పట్టుకొని నడవడానికి నాకు ధైర్యం చాలదు. 2025 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు ఎంజీబీఎస్ ప్రాంగణంలోకే వరద వచ్చింది. రాత్రి పదకొండు దాటితే మెట్రో ఉండదు, అర్ధరాత్రి పిల్లలకు జ్వరం వస్తే ఎవరి కోసం ఎదురుచూడాలి? పెద్దవారి కోసం ఈ ప్రాంతానికి రావడం మంచిదే, కారు అమ్మే పని మాత్రం ఒక వానాకాలం గడిచేవరకు ఆపండి.

నిజాంపేట వాసి:
రాంకోఠి తండ్రి గారు చెప్పిన భయమే మా ఇంట్లోనూ ఉంది. రాత్రివేళ ఆసుపత్రి అవసరం వచ్చినవారు ఏం చేశారు? ఊరికి వెళ్లేటప్పుడు ఎలా?

బర్కత్‌పురా నివాసి:
ప్రాణం మీదికి వచ్చినప్పుడు కారు ఉన్నవారు కూడా 108కే ఫోన్ చేయడం మంచిది. కంగారులో ఉన్న మనిషి స్టీరింగ్ పట్టుకోకూడదు. మా ఇంట్లో ఆటో నడిపేవారు ఇద్దరి నంబర్లు గోడమీద రాసి ఉంచాం. వీధి చివరి అడ్డాలో ఉండేవారే కాబట్టి వారికి మా ఇల్లు తెలుసు, పిలిస్తే వేళ కాని వేళ కూడా వస్తారు. కింగ్‌కోఠి ఆసుపత్రి, పిల్లలకైతే రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్, నదీతీరాన ఉస్మానియా, ఇవన్నీ మనకు దగ్గరలోనే ఉన్నాయి. ఊరి ప్రయాణానికి కాచిగూడ, నాంపల్లి రైల్వే స్టేషన్లు, ఎంజీబీఎస్ ఉండగా కారు లేని లోటు తెలియదు. పెళ్లిళ్లకు అందరం కలిసి వెళ్లవలసి వస్తే ఒక రోజుకు కారు కిరాయికి తీసుకుంటాం. వాన విషయంలో మాత్రం రాంకోఠి తండ్రి గారితో ఏకీభవిస్తాను, జోరువానలో మేము బయలుదేరం, నీళ్లు తీసేవరకు ఆగుతాం.

కాచిగూడ గృహిణి:
ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు ఆదివారం రాకండి, దుకాణాలు మూసి ఉండి అన్ని వీధులూ ప్రశాంతంగానే కనిపిస్తాయి. పనిదినం సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య మీ అమ్మానాన్నలను వెంటబెట్టుకొని రండి. ఇంటి గుమ్మం నుంచి పాలబూత్, మందుల దుకాణం, బస్టాపు, మెట్రో మెట్ల వరకు వారినే ముందు నడవనివ్వండి. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద దాటవలసి వచ్చే ఇల్లయితే అద్దె ఎంత తక్కువైనా వదులుకోండి. రోజూ వెళ్లవలసిన చోట్లన్నీ రోడ్డుకు ఇంటివైపునే ఉంటే అద్దె కొంచెం ఎక్కువైనా తీసుకోండి. అలాగే మొదటి వాన పడిన మరునాడు ఒకసారి వచ్చి, గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో ఎదురింటివారిని అడిగి తెలుసుకోండి.

నిజాంపేట వాసి:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే వారం అమ్మానాన్నలతో సాయంత్రం పూట బర్కత్‌పురా, కాచిగూడ చౌరస్తా వైపు వస్తున్నాం. కాచిగూడ స్టేషను నుంచి లింగంపల్లికి ఎంఎంటీఎస్ లోకల్ రైలు వాడుతున్నవారు ఎవరైనా ఉంటే, ఆఫీసు వేళలకు ఆ రైళ్లు ఎంతవరకు అనుకూలిస్తున్నాయో రాయగలరు.